ఆర్డర్ ఇచ్చాకే తయారుచేసే వస్తువులకు ఆన్‌లైన్ స్టోర్‌లో ప్రీ-ఆర్డర్ ఎలా చూపించాలి?

వస్తువు ఆలస్యంగా వస్తుందంటే కొనేవాళ్లు ఒప్పుకుంటారు. ఎప్పుడొస్తుందో తెలియకపోతేనే టెన్షన్ పడతారు. అందుకే వస్తువు పక్కన ఉత్త "ప్రీ-ఆర్డర్" అని పెట్టి ఊరుకోకండి, తేదీ కూడా చెప్పండి.

1. ముందు మీ చేతి పని లెక్కేసుకోండి. సెట్టింగుల కన్నా ముఖ్యం ఇదే. వారానికి 5 చెక్క షెల్ఫులు చేయగలరనుకుందాం. ఇప్పటికే 12 ఆర్డర్లు వరుసలో ఉంటే, ఇవాళ కొత్తగా వచ్చినాయన షెల్ఫ్ మూడో వారంలో తయారవుతుంది. ఆ వారంలో మిగిలినవి 3 ఖాళీలే. మీకు అసలైన స్టాక్ ఈ ఖాళీలే. పాలిష్ ఆరడానికి, ప్యాకింగుకు పట్టే రోజులు కూడా కలుపుకోండి.

2. ఆ ఖాళీల సంఖ్యనే స్టాక్‌గా వేయండి. వూకామర్స్‌లో (వర్డ్‌ప్రెస్ సైట్‌లో స్టోర్ నడిపే ప్లగిన్) ప్రొడక్ట్ ఇన్వెంటరీ ట్యాబ్‌లో స్టాక్ లెక్క ఆన్ చేసి, బ్యాక్‌ఆర్డర్లు (స్టాక్ అయిపోయాక కూడా తీసుకునే ఆర్డర్లు) అనుమతించకుండా ఉంచండి. మీ స్టోర్ షాపిఫై అనే సర్వీసులో ఉంటే, అక్కడ స్టాక్ అయిపోయినా అమ్మకం కొనసాగించే టిక్ తీసేయండి. ఆ టిక్ ఉంటే ఆర్డర్లకు అడ్డే ఉండదు, చేయలేనన్ని మీద పడతాయి. ఇంకో సంగతి: వూకామర్స్ పేజీలో "3 స్టాక్‌లో ఉన్నాయి" అన్నట్టు కనిపిస్తే, సరుకు సిద్ధంగా ఉందని జనం పొరబడతారు. ఇన్వెంటరీ సెట్టింగ్స్‌లో మిగిలిన సంఖ్యను చూపించకుండా ఆపేయండి.

3. బటన్ మీద "ప్రీ-ఆర్డర్ చేయండి" అని మార్చి, దాని పైనే ఇలా రాయండి:

"మీరు ఆర్డర్ ఇచ్చాకే ఈ షెల్ఫ్ చేయడం మొదలుపెడతాం. ఇవాళ ఆర్డర్ చేస్తే జూన్ 20 లోపు మా దగ్గర నుంచి బయలుదేరుతుంది. చెక్క కోయకముందు వరకు రద్దు చేసుకోవచ్చు."

బయలుదేరే రోజు వేరు, ఇంటికి చేరే రోజు వేరు. మీరు ఏది చెబుతున్నారో తేటగా ఉండాలి. డబ్బు మొత్తం ముందే తీసుకుంటారా, అడ్వాన్సేనా అన్నదీ అక్కడే చెప్పండి. ఇదే తేదీ కార్ట్‌లో, చెక్అవుట్‌లో, ఆర్డర్ మెయిల్‌లో కూడా కనిపించాలి. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాస్తే ఎవరూ చదవరు.

4. ఒక రంగు సిద్ధంగా ఉండి, ఇంకో రంగు కొత్తగా చేయాల్సి వస్తే ఆ వేరియంట్లకు విడివిడిగా స్టాక్, తేదీ పెట్టండి.

5. సెర్చ్‌లో కనిపించే వివరమూ సరిచూడండి. స్కీమా డాట్ ఆర్గ్ డేటాలో (వస్తువు వివరాలను సెర్చ్ ఇంజిన్లకు చెప్పడానికి పేజీ కోడ్‌లో పెట్టేది) "మేడ్ టు ఆర్డర్" అనే విలువ విడిగా ఉంది. గూగుల్ మర్చంట్ సెంటర్ ఫీడ్‌లో (గూగుల్‌లో చూపించడానికి మీరు పంపే వస్తువుల జాబితా) మాత్రం అది లేదు. అక్కడ ఉన్నవి ఇన్ స్టాక్, అవుట్ ఆఫ్ స్టాక్, ప్రీఆర్డర్, బ్యాక్‌ఆర్డర్. చివరి రెండింటిలో ఏది పెట్టినా అందుబాటు తేదీ తప్పనిసరి. ఫీడ్‌లో ఒకటి, పేజీలో ఇంకొకటి ఉంటే ఆ వస్తువును తిరస్కరించవచ్చు.

6. వారానికోసారి ఒక రోజు పెట్టుకుని ఖాళీలు, తేదీ మార్చండి. పని వెనకబడితే, కొన్నవాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే కొత్త తేదీ రాసి పంపండి. ఆ మెయిల్‌లోనే, వద్దనుకుంటే డబ్బు వెనక్కి ఇస్తామని కూడా చెప్పండి.