పేగు వాపు జబ్బు ఉన్నవారికి దగ్గు తగ్గకపోతే ఏం చేయాలి

పేగు వాపు జబ్బులైన అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ ఉన్నవారు 3 వారాలు దాటిన దగ్గును జలుబేలే అని వదిలేయకండి. ఈ జబ్బు కొందరికి శ్వాసనాళాల్లోనూ వాపు తెస్తుంది. అలా వచ్చే శ్వాసనాళాల సమస్యల్లో ఎక్కువగా కనిపించేది బ్రాంకియెక్టాసిస్: గాలి గొట్టాలు శాశ్వతంగా వెడల్పైపోయి, రోజూ చిక్కటి కఫం పడుతుంది. పేగు కుదురుగా ఉన్నప్పుడు, ఆఖరికి పెద్దపేగు తీసేశాక కూడా ఇది మొదలుకావచ్చు. అందుకే ఈ రెంటికీ సంబంధం ఉందని చాలామందికి తట్టదు.

ముందు ఒక కాగితం మీద రాసుకోండి: దగ్గు ఎప్పుడు మొదలైంది, కఫం ఏ రంగు, రోజుకు ఎన్ని చెంచాలు, ఏ మందు ఏ తేదీన మొదలుపెట్టారు. డాక్టరుకు అన్నిటికంటే పనికొచ్చేవి ఆ మందుల తేదీలే. పేగు జబ్బుకి వాడే మెసలమైన్, సల్ఫసలజైన్, మెథోట్రెక్సేట్ అరుదుగా ఊపిరితిత్తుల్లో వాపు తెస్తాయి. రోగనిరోధక శక్తిని అణచే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ వాడేవారిలో ఒంట్లో అణగి ఉన్న క్షయ బయటపడవచ్చు. అయినా మీ అంతట మీరు మందు ఆపకండి.

ఎక్స్‌రే బాగుందంటే సరిపోదు. హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను వివరంగా చూపే సీటీ స్కాన్), ఊపిరి సామర్థ్య పరీక్ష, కఫం పరీక్ష అవసరమా అని అడగండి. ఇన్ఫెక్షన్ లేదని తేలాకే స్టెరాయిడ్. శ్వాసనాళాల వాపుకి సాధారణంగా ముందు పీల్చే స్టెరాయిడ్, చాలకపోతే స్టెరాయిడ్ మాత్రలు.

ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, ఒక కాలే వాయడం, దగ్గితే రక్తం: ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. పేగు జబ్బు తిరగబెట్టినప్పుడు ఈ ముప్పు ఎక్కువ. తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.