సివిల్ కోర్టుల వాయిదాల మీద కొట్లాడే సంఘం పెడ్తున్నరా? ముందుగాల కమిటీని ఇట్ల ఏస్కోండ్రి

మా బాపు ఏసిన భాగపంపకాల దావా నల్గొండల 14 ఏండ్లు నడిచింది. యూరియా బస్తాతోని కుట్టిన చేసంచి ఒకటుండె, అండ్ల పాత పహాణీలు, నకళ్లు, గుమస్తా రాసిచ్చిన వాయిదా చీటీలు పెట్టుకోని పొద్దుగాల బస్సెక్కేటోడు, మాపటికి అదే సంచితోని ఇంకో తారీఖు రాస్కోని ఒచ్చేటోడు. తీర్పు ఒచ్చేనాటికి బాపు లేడు, సంచి ఉంది. అసొంటి సంచులు మా ఊర్లె ఇంకా ఉన్నయని తెలిసినంక పది మందిమి కూడి సంఘం పెట్టినం. మొదటి కమిటీ నాలుగు నెలలకే కూలిపోయింది. ఎందుకు కూలింది, రెండోది ఎట్ల నిలబడ్డది అన్నది రాస్తున్న, మీ దగ్గర ఎవలన్న ఇదే పని మొదలువెడ్తె పనికొస్తది.

మొదటిసారి మేం చేసిన తప్పేందంటె పదవులు ముందు పంచినం, పని తర్వాత ఆలోచిద్దాం అనుకున్నం. గౌరవాధ్యక్షుడు ఒకాయన, అధ్యక్షుడు ఒకాయన, ఉపాధ్యక్షులు నలుగురు, ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో పెద్దగుండాలె అన్న కాడనే సగం మీటింగ్ అయిపోయింది. అండ్ల ఏడుగురు వకీళ్లు. వాళ్లు మంచోళ్లే, కాని సంఘం కాడికొచ్చిన పార్టీలు, అంటె కేసున్నోళ్లు, ఒక్కొక్కలు ఆ వకీళ్ల ఆఫీసులకు పోవుడు మొదలైంది, ఇగ బయట ఏమన్నరో మీకే ఎరుక.

అందుకె ముందు ఒక తెల్లకాగితం తీస్కోని మీ సంఘం ఏం అడుగుతదో రాయండ్రి. ఒక్కటే పేజీ. ఎవరి కేసునూ గెలిపిచ్చుడు మన పని కాదు అన్నది మొదటి లైన్‌ల ఉండాలె. మిగిలింది వాయిదాల సంగతి: సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908 నాటిది, దాంట్ల ఆర్డర్ 17 ప్రకారం విచారణ నడిచేటప్పుడు ఒక్కో పార్టీకి మూడు వాయిదాల కంటె ఎక్కువ ఇయ్యద్దు, జవాబు దాఖలు చేసుడుకు 30 రోజులు, మహా అంటె 90 రోజులు. తప్పనిసరి అయితె కోర్టు ఇంకింత టైమ్ ఇయ్యొచ్చని సుప్రీంకోర్టు 2005ల చెప్పింది, ఆ సందుల నుంచే ఏండ్లు కారిపోతున్నయి. జడ్జి పోస్టులు ఖాళీ ఉంచొద్దు, సమన్లు (కోర్టుకు రమ్మని పంపే కాగితం) టైమ్‌కు అందాలె, డిక్రీ, అంటె కోర్టు తీర్పు కాగితం, ఒచ్చినంక దాన్ని అమలు చెయ్యమనే పిటిషన్ ఇంకో పదేండ్లు సాగొద్దు. ఈ నాలుగు మాటలు చాలు. ఈ కాగితం చదివి "నాకేం లాభం" అన్నోళ్లను కమిటీల పెట్టొద్దు, మేం పెట్టినం.

ఇగ మనుషులు. తెలంగాణల సొసైటీ రిజిస్ట్రేషన్ 2001 చట్టం కింద అయితది, కనీసం ఏడుగురు ఉండాలె, బైలాస్ (సంఘం రూల్స్) రాస్కోని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుల ఇయ్యాలె. ఏడుగురు కావాలె అన్నరు గదా అని ఇంట్లోళ్ల పేర్లు నింపకుండ్రి, మొగుడు అధ్యక్షుడు పెండ్లాం కోశాధికారి అయితె ఎవలూ రూపాయి ఇయ్యరు. మాకు తొమ్మిది మంది సరిపోయిన్రు.

అధ్యక్షుడి గురించి ఎక్కువ చెప్పెడిది లేదు. రిటైరైన సారో, పెద్దమనిషో, ఏ పార్టీ కండువా మీదుండనోడు అయితె చాలు. సర్పంచిని, ఎంపీటీసీని పెట్టకుండ్రి, వాళ్లు మంచోళ్లయినా ఎలక్షన్ రాంగనె సగం ఊరు మీటింగ్‌కు రాదు.

అసలు సంఘం అంటె కార్యదర్శి. ఎట్లాంటోడు కావాలంటె, చేతిల నోట్‌బుక్ ఉండి రోజూ రాసేటోడు. మా రెండో కార్యదర్శి దేవరకొండ దిక్కు టైలర్, ఆమె పదో తరగతి సదివింది. ఆమె చేసిన పని ఏందంటె రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ తీస్కోని స్కేల్‌తోని ఐదు గీతలు గీసింది: తారీఖు, కోర్టు, సీఎన్‌ఆర్ నంబర్, ఆనాడు ఏమైంది, వాయిదా ఎందుకు పడ్డది. సీఎన్‌ఆర్ అంటె ప్రతి కేసుకు ఉండే 16 అక్షరాల నంబర్, ఈ-కోర్ట్స్ యాప్‌ల అది కొడ్తె కేసు ఎక్కడిదాకొచ్చిందో, మల్ల తారీఖు ఎప్పుడో కనపడ్తది, వకీలు గుమస్తాకు ఫోన్ చేసే పనిలేదు. కాని యాప్‌ల వాయిదా ఎందుకు పడ్డదన్న సంగతి సక్కగ తెల్వది, అది కోర్టు వరండాల నిలబడ్డోళ్లే చెప్పాలె. ఆమె రాసుకునే మాటలు చిన్నయి. "సారు లీవు". "అవతలి వకీలు టైమ్ అడిగిండు". "సాక్షి రాలే". "వకీళ్లు విధులు బహిష్కరించిన్రు". "సమన్లు అందలే".

ఆరు నెలలకు లెక్క తీస్తె మేమంత నోరు తెర్సినం. జడ్జి సెలవులే కారణం అని ఇన్నొద్దులు తిట్టుకుంట తిరిగినం, నోట్‌బుక్‌ల మాత్రం అన్నిటికంటె ఎక్కువ ఉన్నది "సమన్లు అందలే" అన్నది. భాగపంపకాల దావాల అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు అందరు పార్టీలే గదా, ఒకలు భీవండి మగ్గాల కాడ ఉంటరు, పాలమూరు దిక్కోళ్లయితె ముంబై, పుణె పనులల్ల ఉంటరు, ఆడబిడ్డ ఇంకేదో ఊర్లె ఉంటది, ఒక్కలకు కాగితం అందకున్నా కేసు అక్కడ్నే ఆగుతది. ఈ ఒక్క లెక్కతోని మా డిమాండ్ మారిపోయింది. "జడ్జీలను పెంచండి" అని మాత్రమె కాకుండ, అడ్రస్ సక్కగ ఇచ్చుడు పార్టీల పని కూడ అని ఊర్లల్ల చెప్పుడు మొదలువెట్టినం. నోట్‌బుక్ లేకుంటె ఇది తెలుస్తుండెనా? తెల్వకపోవు.

ఆడోళ్లు కమిటీల ఉండాలె, కనీసం ముగ్గురు. ఫొటో కోసం కాదు. మన దిక్కు భూమి కేసులల్ల సగం తకరారు ఆడబిడ్డ వాటా కాడనే. 2005ల హిందూ వారసత్వ చట్టం మార్చిన్రు, బిడ్డకు కొడుకుతోని సమానంగ పిత్రార్జితంల హక్కు ఉంటదని, 2020 ఆగస్టుల సుప్రీంకోర్టు ఇంకో మాట గట్టిగ చెప్పింది, 2005 నాటికి తండ్రి బతికుండకున్నా ఆ హక్కు ఉంటదని. అన్న పండుగకు చీర పెట్టి ఏదో కాగితం మీద సంతకం తీస్కున్న కథలు ఆడోళ్లు మొగోళ్ల ముంగట చెప్పరు. మా కార్యదర్శి కుట్టు మిషన్ కాడ చెప్తరు. ఇంకో సంగతి, లీగల్ సర్వీసెస్ చట్టం 1987 ప్రకారం ఆడోళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతోని సంబంధం లేకుండ ఉచితంగ వకీలును ఇస్తరు, జిల్లా కోర్టుల న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు పోయి అప్లికేషన్ పెడ్తె అయితది. ఈ మాట చెప్పెటానికే ఒక మనిషి కమిటీల ఉండొచ్చు.

వకీళ్లు ఒద్దు అంటలేను. ఒకలు, ఇద్దరు చాలు, అది కూడ సలహాదారులుగ. బార్ కౌన్సిల్ రూల్స్‌ల 36వది వకీళ్లు కేసుల కోసం ప్రచారం చేస్కోవద్దు, మనుషులను పెట్టి తెప్పిచ్చుకోవద్దు అంటది, కాబట్టి సంఘం ఆయనకు దుకాణం అయితె ఆయనకూ ఇబ్బందే. బైలాస్‌ల ఒక ముక్క రాయండ్రి: సంఘం కాడికొచ్చిన మనిషి కేసును కమిటీల ఉన్న వకీలు రెండేండ్ల దాక తీస్కోవద్దు. మేం ఇది అడిగినప్పుడు ఒకాయన ముఖం ముడుసుకోని ఎల్లిపోయిండు. ఇంకొకాయన నవ్వి సంతకం పెట్టిండు, ఇప్పటికీ ఆయనే ఉన్నడు.

భూమి కాగితాలు తెల్సినోళ్లు ఒకలు కావాలె. పాత వీఆర్వో అయితె ఇంకా మంచిది, 2020ల ఆ పోస్టులు తీసేసిన్రు గదా, మస్తు మంది తెల్సినోళ్లు ఉన్నరు. 1954-55 కాస్రా పహాణీ అంటె ఏంది, సేత్వార్ల ఏముంటది, ఇసొంటి పాత భూమి రికార్డుల సంగతి వాళ్లకు నోటికొస్తది. 2020 అక్టోబర్ 29న భూమి రికార్డుల ధరణి పోర్టల్ ఒచ్చినంక ఎమ్మార్వో కాడికి పోతె "సివిల్ కోర్టుకు పోండ్రి" అని పంపిచ్చుడే అయ్యింది, 2025ల భూభారతి చట్టం ఒచ్చి ఆర్డీవో, కలెక్టర్ కాడ అప్పీలు పెట్టిన్రు. ఏ తకరారు ఎక్కడికి పోవాలె అన్నది తెల్వక కోర్టుల కేసు ఏసి రెండేండ్లు పోగొట్టుకున్నోళ్లున్నరు. గడప కాడనే సరిగ్గ చెప్పే మనిషి ఉంటె కోర్టుకూ బరువు తక్కువైతది.

కోశాధికారికి మూడే మాటలు. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతోని నడవాలె, ప్రతి పది రూపాయలకు రసీదు ఉండాలె, కేసు నడుస్తున్న పార్టీ కాడ చందా తీస్కోవద్దు. మూడోది పాటిచ్చుడు కష్టం. ఒక పెద్దాయన "మీరు లేకుంటె నా పని అయితుండెనా" అని ఐదు వేలు జేబుల కుక్కబోయిండు, చేతులు పట్టుకోని వాపస్ ఇచ్చినం, మల్ల ఒచ్చి బత్తాయిల బస్తా పెట్టి పోయిండు. బత్తాయిలు తిన్నం, అది ఒప్పుకుంట.

మాట్లాడేటోడు ఎవలన్నది ముందే తేల్సుకోండ్రి, ఒకలే మాట్లాడాలె. మైకు దొరికితె మనోళ్లు ఊకుంటరా, జడ్జి పేరు తీసి "పైసలు తిన్నడు" అనేస్తరు, వాట్సాప్ గ్రూపుల అయితె రాత్రి పదకొండు దాటినంక అసలు అడ్డే ఉండదు. కోర్టు ధిక్కరణ చట్టం 1971ది. దాని 5వ సెక్షన్ ప్రకారం విచారణ అయిపోయి తీర్పు ఒచ్చిన కేసు మీద న్యాయంగ విమర్శ చెయ్యొచ్చు, అది ధిక్కరణ కాదు. 6వ సెక్షన్ ప్రకారం కింది కోర్టు జడ్జి మీద మంచి ఉద్దేశంతోని హైకోర్టుకు ఫిర్యాదు రాసుకున్నా తప్పు కాదు. అంటె రాయాల్సిన కాడ రాయొచ్చు, బజార్ల అర్సొద్దు. నడిచే కేసు గురించి నోరే తెరవద్దు. మా గ్రూపుల రూలు ఇది: జడ్జి పేరు రాసినోణ్ని వారం రోజులు గ్రూపుల నుంచి తీసేస్తం. ఇప్పటిదాక తీసేసింది ఒక్కణ్నే, వాడు మా తమ్ముడే.

కోర్టుకొకలు ఉండుడు మర్సిపోవద్దు. 2016ల జిల్లాలు చీలినయి, 2022ల కోర్టులను కూడ కొత్త జిల్లాల లెక్కకు తెచ్చిన్రు, కాబట్టి నల్గొండల కూసుంటె సూర్యాపేట, భువనగిరి సంగతి తెల్వది, మహబూబ్‌నగర్ల కూసుంటె నాగర్‌కర్నూల్, గద్వాల సంగతి తెల్వది. మిర్యాలగూడకొకలు, దేవరకొండకొకలు, అట్ల పెట్టుకోని వాళ్లు నెలకొకసారి తమ నోట్‌బుక్ ఫొటో తీసి కార్యదర్శికి పంపాలె. వీళ్లకు పదవి పేరు ఏమీ పెట్టలే మేం, బస్సు చార్జీలు ఇస్తం.

కమిటీ ఎన్నిక మే నెలల పెట్టుకోండ్రి. సివిల్ కోర్టులకు ఎండకాలం సెలవులు అప్పుడే, వాయిదాలుండయి, యాసంగి వరి కూడ చాలామట్టుకు ఇల్లు చేరుంటది, జనం వస్తరు. పదిహేను రోజుల ముందు నోటీసు, వచ్చినోళ్లందరి సంతకాలు రిజిస్టర్ల, మినిట్స్ ఆ రోజే రాసుడు, కొత్త కమిటీ లిస్టు రిజిస్ట్రార్‌కు ఇచ్చుడు. రెండేండ్లకొకసారి మార్చాలె, కార్యదర్శి అయితె రెండుసార్ల కంటె ఎక్కువ ఉండొద్దు, ఎంత మంచోళ్లయినా.

కమిటీ అయినంక మొదటి మూడు నెలలు పైవాళ్లను కల్వకుండ్రి. నోట్‌బుక్ నింపుండ్రి. ఆ తర్వాత ప్రిన్సిపల్ జిల్లా జడ్జికి కాగితం ఇయ్యండ్రి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఛైర్మన్ కూడ ఆయనే కాబట్టి లోక్ అదాలత్ సంగతి అక్కడ్నే మాట్లాడొచ్చు. లోక్ అదాలత్ల రాజీ అయితె అది డిక్రీతోని సమానం, మీద అప్పీలు లేదు, కోర్టు ఫీజు వాపస్ వస్తది. అయితె కమిటీ పెద్దలు "రాజీ చేస్కో" అని పార్టీ మెడల మీద కూసోవద్దు, ఆ పని మొదలైతె అది సంఘం కాదు, ఊరి పంచాయితి. జడ్జి పోస్టుల గురించి హైకోర్టు రిజిస్ట్రార్ జనరల్‌కు రాయండ్రి, మీ ఎంపీకి ఒక కాపీ ఇయ్యండ్రి. 10 లక్షల జనానికి 50 మంది జడ్జీలుండాలె అని లా కమిషన్ 1987ల చెప్పింది, 2002ల సుప్రీంకోర్టు కూడ అదే మాట చెప్పి ఐదేండ్ల గడువు పెట్టింది, ఆ రెండు ముక్కలు లెటర్ల పెడ్తె చదివేటోడు ఆగుతడు.

మా పాత కార్యదర్శి పోయిన మే నెలల దిగిపోయింది. కొత్త పిలగానికి చార్జ్ ఇచ్చేనాడు నాలుగు నోట్‌బుక్‌లు, రబ్బర్ బ్యాండ్ ఏసిన రసీదు కట్టలు టేబుల్ మీద పెట్టి "సమన్లు అందలే అన్న కాడ ఎర్ర పెన్నుతోని రాయి, నేను నల్లదానితోని రాసి ఎతుకుడుకు కండ్లు పోయినయి" అన్నది. వాడు ఎర్ర పెన్ను కొనుక్కొచ్చిండు.