ఉద్యోగానికి వెళ్తూ కూడా బిడ్డకు అమ్మపాలు ఆపకుండా ఉండడం ఎలా?

ప్రసూతి సెలవు అయిపోవస్తుంటే మా కడప వైపు తల్లులు నర్సులను అడిగే మొదటి మాట ఒకటే. "సిస్టర్, సోమవారం డ్యూటీలో చేరాల. పాపకు ఏ డబ్బా పాలు మంచివి?" పుష్కలంగా పాలున్న తల్లి కూడా ఉద్యోగం పేరు చెప్పి నాలుగో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డను డబ్బాకు మళ్లించేస్తుంది. నేను ప్రసూతి వార్డులో పనిచేస్తూనే నా ఇద్దరు పిల్లలకూ నా పాలే ఇచ్చాను. తర్వాత టీచర్లకు, బ్యాంకు ఉద్యోగినులకు, సచివాలయం అమ్మాయిలకు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాను. ఆరోగ్యంగా ఉన్న తల్లికి ఇది చేతనయ్యే పనే. చెడేదల్లా రెండు చోట్ల: ఆలస్యంగా మొదలుపెట్టడం, పాలు పిండడం సరిగ్గా రాకపోవడం.

బిడ్డకు 6 నెలలు నిండేదాకా అమ్మపాలు తప్ప ఇంకేమీ వద్దని, ఆ తర్వాత తిండితోపాటు 2 ఏళ్లు, ఆపైన కూడా అమ్మపాలు కొనసాగించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో కూడిన సెలవు 26 వారాలైంది. లెక్కకు ఆరు నెలలూ సరిపోవాలి. కానీ అందులో 8 వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. కడప నుంచి ప్రొద్దుటూరుకో రాయచోటికో రోజూ బస్సెక్కే అమ్మాయి నిండు నెలల్లో ఆ ప్రయాణం చేయలేక సెలవు ముందే పెట్టేస్తుంది. ఆమెకు బిడ్డ నాలుగు నెలలు దాటగానే డ్యూటీ. చిన్న ప్రైవేటు బడుల్లో, దుకాణాల్లో పనిచేసేవాళ్లలో చాలామందికి ఆ మాత్రం సెలవు కూడా దక్కడం లేదు.

ముందు సర్దుకోవాల్సినవి

సామాను పెద్దగా అక్కర్లేదు. రెండు ఉగ్గుగిన్నెలు, మూత గట్టిగా పట్టే చిన్న స్టీలు డబ్బాలు ఐదారు, పాలు పట్టుకోవడానికి వెడల్పు మూతి గిన్నె ఒకటి, ఐస్ ప్యాకులు, అవి పట్టే చల్లటి సంచి. పాలసీసా కొనొద్దు. రబ్బరు పీకకు అలవాటుపడ్డ బిడ్డల్లో కొందరు రొమ్ము పట్టడానికి పేచీ పెడతారు. పైగా సీసా మూలల్లో, పీక లోపల ఇరుక్కున్న పాల జిడ్డు ఒక పట్టాన పోదు. ఉగ్గుగిన్నెనైతే వేలు పెట్టి తోమొచ్చు. నెలలు నిండని బిడ్డలకు ఆస్పత్రుల్లో ఈనాటికీ పాలు పట్టేది దాంతోనే. గిన్నెలు, డబ్బాలు సబ్బుతో కడిగి, మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి తీయాలి. ఆ పని బిడ్డ నాన్నది. దీంట్లో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. రాత్రి గిన్నెలు మరిగించే చేతికి, పొద్దున డబ్బాల్లో ఎంత పాలున్నాయో, పాపకు ఎంత కావాలో దానంతటదే తెలుస్తుంది.

మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్లి ఐదో నెలలో అత్తారింటికి వచ్చే ఆచారం ఉన్నవాళ్లు, చేరాల్సిన తేదీకి కనీసం మూడు వారాల ముందే వచ్చేయండి. పగలంతా చూసుకునేది జేజి (నాన్నమ్మ) అయితే, జేజి ఒళ్లు బిడ్డకు అలవాటు కావాలి. శనివారం తెచ్చి దించి సోమవారం డ్యూటీకి పోవడం ఆ ఇద్దరికీ అన్యాయం. చేరడం కూడా బుధ, గురువారాల్లోనే పెట్టుకోండి. రెండు మూడు రోజులు పనిచేసేసరికి ఆదివారం వస్తుంది, పొరపాట్లు సర్దుకోవడానికి వీలుంటుంది.

ఆఫీసులో అడగడానికి మొహమాటం వద్దు. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా మామూలు విరామం కాక ఇంకో రెండు విరామాలు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాలి. మీకు కావాల్సింది లోపల గడియ పడే గది ఒకటి. రికార్డు గదో, బడిలో ల్యాబో, స్టోరో ఏదైనా పర్వాలేదు, తాళం మీ చేతికి రావాలి. మరుగుదొడ్లో మాత్రం పాలు పిండొద్దు. అక్కడ కూర్చుని మనం అన్నం తింటామా?

పాలు పిండడం: అసలు కష్టం ఇక్కడే

డ్యూటీలో చేరిన రోజు నేర్చుకుందాంలే అనుకునే పని కాదిది. రెండు వారాల ముందే మొదలుపెట్టాలి, రోజుకు ఒక్కసారి చాలు. పొద్దున బిడ్డ తాగాక పిండండి. చాలామందికి పాలు ఎక్కువగా ఉండేది అప్పుడే. మొదటిరోజు గిన్నె అడుగు తడవడమే గగనం. "పాలు ఎండిపోయినాయి కదమ్మా" అని పక్కనున్నవాళ్లు తేల్చేసేది సరిగ్గా ఆ నిమిషంలోనే. ఆ మాట చెవిన వేసుకోవద్దు. అప్పుడే బిడ్డ తాగేసిన రొమ్ము అది, అందులోంచి రెండు చెంచాలు వచ్చినా మంచి మొదలే. బిడ్డ నోటితో లాగినంత పాలు చేత్తో పిండితే రావు. గిన్నెలో కనపడేదాన్ని బట్టి మీ పాలను కొలుచుకోకండి. బిడ్డ రోజంతా బాగా ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే.

చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి. వీపుకు ఆనుకుని కూర్చోండి, వంగి కూర్చుంటే పది నిమిషాలకే నడుము పట్టేస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డ కాసేపు రొమ్ము మీద వేసి, వేళ్ల చివర్లతో పైనుంచి ముచ్చిక వైపు మెల్లగా నిమరండి. ఇప్పుడు బొటనవేలు పైన, చూపుడువేలు కింద, ముచ్చిక చుట్టూ ఉండే నల్లటి వలయం అంచున పెట్టండి. ముందు రెండు వేళ్లనూ లోపలికి, అంటే పక్కటెముకల వైపు నొక్కాలి. తర్వాత ఒకదానివైపు ఒకటి తెచ్చి నొక్కి వదలాలి. నొక్కడం, వదలడం, నొక్కడం, వదలడం. వేళ్లు చర్మం మీద జారకూడదు. జారితే ఒరుసుకుపోయి మంట పుడుతుంది.

నూటికి తొంభై మంది తప్పు చేసేది ఇక్కడే: ముచ్చికను పట్టి లాగుతారు. పాలుండేది అక్కడ కాదు, వెనకాల. ముచ్చికను ఎంత లాగినా పుండు పడుతుందే గానీ పాలు రావు. నొప్పి పుట్టిందంటే చేసే పద్ధతి తప్పని అర్థం, వెంటనే ఆపి వేళ్లు వెనక్కి జరపండి. నొప్పిని ఓర్చుకుంటే పాలు ఎక్కువ వస్తాయన్న మాట పచ్చి అబద్ధం.

ఒకటి రెండు నిమిషాలు ఏమీ రాకపోవచ్చు. తర్వాత చుక్కలు, ఆ తర్వాత సన్నటి ధార వస్తుంది. ఆ ధార సన్నబడ్డాక వేళ్లు పక్కలకు తిప్పి అన్ని వైపుల నుంచీ నొక్కండి. ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు పిండి రెండోదానికి మారి, మళ్లీ మొదటిదానికి రండి. మొత్తం 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాల్లో ముగించాలని తొందరపడితే రోజురోజుకూ పాలు తగ్గుతాయి, ఎందుకంటే రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత ఊరుతుంది.

మనసు కలత పడితే పాలు చేపుకు రావు, అంటే కిందికి దిగవు. దూడ కళ్లెదుట లేకపోతే ఆవు చేపనట్టే. బయట హెడ్మాస్టరు పిలుస్తున్నాడని, క్యూలో జనం ఉన్నారని గుండె దడదడలాడుతుంటే చుక్క రాలదు. అందుకే ఫోనులో పాప వీడియో పెట్టుకోండి, పాప నిన్న తొడిగిన చొక్కా ఒకటి సంచిలో వేసుకెళ్లండి. బిడ్డ వాసన తగిలితే చేపు రావడం నేను ఎందరిలోనో చూశాను. గిన్నెలోకి చూస్తూ లెక్కపెట్టుకునేదానికి మాత్రం చేపు రాదు. గిన్నె మీద పల్చటి గుడ్డ కప్పి పిండుకోండి.

పంపు సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నా. నేను చేతివైపే. ఎక్కడ కరెంటు పోయినా చెయ్యి పనిచేస్తుంది, విడిభాగాలు మరిగించే బెడద లేదు. కొనాలనుకుంటే చేత్తో పిండడం వచ్చాకే కొనండి.

డ్యూటీలో మూడు గంటలకోసారి పిండాలి. పనెక్కువగా ఉందని ఒక పూట ఎగ్గొడితే సాయంత్రానికి రొమ్ము రాయిలా గట్టిపడుతుంది, ఆ పాలు చీర మీదికే కారిపోతాయి. రెండు మూడు రోజులు అలాగే చేస్తే గడ్డకడుతుంది. ఒకచోట ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే అదే రోజు డాక్టరుకు చూపించండి. పాలివ్వడం మాత్రం ఆపొద్దు, ఆపితే గడ్డ ముదురుతుంది.

మన ఎండల్లో నిల్వ

పిండిన పాలు బయట నాలుగు గంటలు ఉంటాయని అందరూ చెబుతారు. ఆ లెక్క 25 డిగ్రీల లోపు ఉండే గదికి. కడప, కర్నూలు, అనంతపురాల్లో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే రోజులు చాలానే ఉంటాయి. నా ఇంట్లో పాలు అరగంట కూడా బయట పెట్టనివ్వను. పిండిన వెంటనే మూత పెట్టి ఐస్ ప్యాకుల మధ్య పెట్టేయాలి. ఐస్ ప్యాకులు గట్టిగా గడ్డకట్టి ఉన్నంతవరకు 24 గంటల దాకా చెడవు. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో వెనక గోడవైపు పెట్టండి. తలుపులో పెడితే తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంచొచ్చు గానీ, నేను ఇవాళ్టి పాలు రేపు వాడెయ్యమంటాను. మన కరెంటును నమ్మి నాలుగు రోజులు పెట్టలేం. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే నాలుగు గంటల దాకా చల్లదనం ఉంటుంది.

ఒక్కో డబ్బాలో 60 మి.లీ. మించి పోయకండి, పాప తాగగా మిగిలింది పారబోయడం బాధగా ఉంటుంది. 1 నుంచి 6 నెలల బిడ్డ రోజుకు సగటున 750 మి.లీ. తాగుతుంది. మీరు లేని ఒక్కో గంటకు 30 మి.లీ. లెక్కేసుకుంటే, తొమ్మిది గంటలకు 270 సరిపోతాయి. పైన మీగడలా తేలితే చెడిపోయాయని కంగారు పడొద్దు, గుండ్రంగా తిప్పితే కలిసిపోతుంది.

జేజికి నేర్పాల్సింది

పాలను స్టవ్ మీద కాచకూడదు, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. వేడినీళ్ల గిన్నెలో డబ్బా దింపితే చాలు. బిడ్డను కూర్చున్నట్టు ఎత్తి పట్టుకుని, ఉగ్గుగిన్నె ముక్కును కింది పెదవికి ఆనించాలి. బిడ్డే నాలుకతో అందుకుంటుంది. నోట్లో వంపేస్తే పొలమారుతుంది. మొదటి నాలుగు రోజులు ఇదే పద్ధతిలో మీరుండగానే జేజి చేత తాపించండి, మీరు మాత్రం పక్క గదిలో ఉండాలి. అమ్మ వాసన తెలిస్తే ఏ బిడ్డా గిన్నె ముట్టదు. తాగగా మిగిలిన పాలు మళ్లీ దాచకుండా పారబోయాలి.

ఎండాకాలమని నీళ్లు తాపడం మన ఇళ్లలో గట్టిగా పాతుకుపోయిన అలవాటు. ఆరు నెలల లోపు బిడ్డకు ఎంత ఎండైనా మంచినీళ్లు అక్కర్లేదు, దాహానికి కావాల్సిన నీళ్లు అమ్మపాలలోనే ఉన్నాయి. తేనె ఏడాది దాకా నాలుకకు కూడా రాయొద్దు. ఈ మాటలు కోడలు చెబితే గొడవ అవుతుంది. టీకాల రోజు అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్లి ఏఎన్‌ఎం (టీకాలు వేసే నర్సమ్మ)తో చెప్పించండి.

సాయంత్రం ఇంటికి వస్తున్నామని ఫోను చేసి చెప్పండి, ఆ చివరి గంటలో బిడ్డకు గిన్నె పట్టకుండా ఆగమనండి. రాగానే చీర మార్చుకుని, ముఖం కడుక్కుని, ముందు పాలివ్వండి. వంట తర్వాత. పగలు తక్కువ తాగిన బిడ్డ రాత్రి నాలుగైదుసార్లు లేచి తాగుతుంది, అది జబ్బు కాదు. ఆ రాత్రుల్లో నిద్ర తక్కువవుతుంది కాబట్టి పొద్దున టిఫిన్, క్యారియర్లు మీ చేతి మీద పెట్టుకోవద్దు. ఆదివారాలు, సెలవు రోజుల్లో గిన్నెలూ డబ్బాలూ పక్కన పెట్టేసి నేరుగా రొమ్మే ఇవ్వండి, వారమంతా తగ్గిన పాలు మళ్లీ పుంజుకుంటాయి. ఆరు నెలలు నిండి, రాగి జావ, మెత్తటి పప్పన్నం మొదలయ్యాక డ్యూటీలో పిండడం మూడుసార్ల నుంచి రెండుకు, తొమ్మిదో నెల దాటాక ఒకటికి తగ్గించుకోవచ్చు. ఒక్కసారిగా మానొద్దు, వారానికి ఒక పూట చొప్పున తగ్గించండి.