విండోస్‌లో జెడ్‌లిబ్ బిల్డ్: ముందు మేక్‌ఫైల్ చదవండి

"ఈ లైబ్రరీకి డాక్యుమెంటేషన్ ఎక్కడుంది?" అని మా టీమ్‌లో కొత్తవాళ్లు అడిగితే నేను మేక్‌ఫైల్ (బిల్డ్ ఎలా చేయాలో రాసి ఉండే ఫైల్) తెరిచి చూపిస్తాను. డేటాను కుదించే లైబ్రరీ జెడ్‌లిబ్ 1995 నుంచి ఉంది, అయినా దాని రీడ్‌మీలో విండోస్ గురించి రాసింది చాలా తక్కువ. కావలసిన సమాచారం సోర్స్‌లోని విన్32 ఫోల్డర్‌లో ఉంటుంది. అందులో మేక్‌ఫైల్.ఎంఎస్‌సీ మైక్రోసాఫ్ట్ కంపైలర్ కోసం. దాని మొదట్లో ఉన్న కామెంట్లలోనే ఏ కమాండ్ ఇవ్వాలో రాసి ఉంటుంది.

విజువల్ స్టూడియోలో సీ ప్లస్ ప్లస్ వర్క్‌లోడ్ ఉండాలి. తర్వాత స్టార్ట్ మెనూలో ఎక్స్64 నేటివ్ టూల్స్ కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. దీని విషయంలో నేను పట్టుబడతాను. మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్‌మేక్ (మేక్‌ఫైల్ చదివి బిల్డ్ చేసే మైక్రోసాఫ్ట్ టూల్) దొరకదు, కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. డెవలపర్ కమాండ్ ప్రాంప్ట్ మాత్రం చల్లగా 32 బిట్ లైబ్రరీ తయారుచేసి ఇస్తుంది, దాన్ని 64 బిట్ ప్రోగ్రామ్‌కు లింక్ చేసేటప్పుడు గానీ తేడా బయటపడదు. అనుమానం ఉంటే, బైనరీ ఫైళ్ల వివరాలు చూపే డంప్‌బిన్ టూల్‌కు హెడర్స్ ఆప్షన్, లిబ్ ఫైల్ పేరు ఇచ్చి చూడండి. మెషిన్ అన్న చోట 8664 ఉంటే 64 బిట్, 14సీ ఉంటే 32 బిట్.

సోర్స్‌ను విప్పాక పై ఫోల్డర్‌లోనే ఉండి, విన్32 లోపలికి వెళ్లకుండా, ఎన్‌మేక్‌కు మైనస్ ఎఫ్ ఇచ్చి విన్32/మేక్‌ఫైల్.ఎంఎస్‌సీ అని రాయండి. అదే కమాండ్ చివర టెస్ట్ అని చేర్చి ఇంకోసారి నడపండి. హలో వరల్డ్ అన్న మాటను కుదించి, మళ్లీ విప్పి తెర మీద చూపిస్తుంది. అది కనిపించకుండా ముందుకు వెళ్లొద్దు.

ఇప్పుడు ఫోల్డర్‌లో రెండు లిబ్ ఫైళ్లు ఉంటాయి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. జెడ్‌లిబ్.లిబ్ స్టాటిక్ లైబ్రరీ, కోడ్ అంతా మీ ఈఎక్స్ఈలోకి వచ్చేస్తుంది. జెడ్‌డీఎల్ఎల్.లిబ్ ఇంపోర్ట్ లైబ్రరీ మాత్రమే, దీన్ని లింక్ చేస్తే జెడ్‌లిబ్1.డీఎల్ఎల్‌ను కూడా ప్రోగ్రామ్‌తో పాటు ఇవ్వాలి. చిన్న టూల్ అయితే నేను స్టాటిక్కే వాడతాను. ఏది వాడినా జెడ్‌లిబ్.హెచ్, జెడ్‌కాన్ఫ్.హెచ్ రెండూ మీ ప్రాజెక్ట్‌కు కనిపించాలి.

లింకర్ నుంచి 2038 నంబర్‌తో, రన్‌టైమ్ లైబ్రరీ పొసగలేదన్న ఎర్రర్ వస్తే టెన్షన్ పడకండి. అది సీ ప్లస్ ప్లస్ ఆబ్జెక్ట్‌ల మధ్య రన్‌టైమ్ సెట్టింగ్‌లు కలవనప్పుడు వచ్చేది. జెడ్‌లిబ్ సీలో రాసినది కాబట్టి దానితో పొసగకపోతే సాధారణంగా 4098 నంబర్‌తో వార్నింగ్ వస్తుంది. జెడ్‌లిబ్ మేక్‌ఫైల్‌లో సీఫ్లాగ్స్ లైన్ చూస్తే మైనస్ ఎండీ (రన్‌టైమ్‌ను డీఎల్ఎల్‌గా వాడే సెట్టింగ్) కనిపిస్తుంది. మీ ప్రాజెక్ట్ ఎంటీతో (రన్‌టైమ్‌ను ఈఎక్స్ఈలోనే కలిపే సెట్టింగ్) ఉంటే మేక్‌ఫైల్‌లో దాన్ని మార్చి, క్లీన్ టార్గెట్ నడిపి, మళ్లీ బిల్డ్ చేయండి. రెండుచోట్లా ఒకటే ఉండాలి.

బిల్డ్ ఫైళ్లను తానే తయారుచేసే సీమేక్ టూల్‌తో కూడా బిల్డ్ చేయొచ్చు, కానీ రెండు పద్ధతులనూ ఒకే ఫోల్డర్‌లో కలపకండి. పాత వెర్షన్లలో సీమేక్ నడవగానే సోర్స్‌లోని జెడ్‌కాన్ఫ్.హెచ్ పేరు చివర ఇన్‌క్లూడెడ్ అని చేరిపోతుంది. తర్వాత ఎన్‌మేక్ నడిపితే ఆ హెడర్ లేదని ఆగిపోతుంది. ఇలాంటివి ఎక్కడా రాసి ఉండవు, వెతుక్కుంటూ పోతే పూట గడిచిపోతుంది. పద్ధతి మార్చాలంటే సోర్స్‌ను వేరే ఫోల్డర్‌లో తాజాగా విప్పుకోండి.

డీఎల్ఎల్ దారి ఎంచుకున్నవాళ్లకు ఇంకొక జాగ్రత్త. చాలా ప్రోగ్రామ్‌లు తమ సొంత జెడ్‌లిబ్1.డీఎల్ఎల్ వెంట తెచ్చుకుంటాయి. పాత్‌లో (విండోస్ ప్రోగ్రామ్‌ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో) ఎన్ని కాపీలు ఉన్నాయో వేర్ కమాండ్‌కు ఆ ఫైల్ పేరు ఇస్తే తెలుస్తుంది. మీ కాపీని ఈఎక్స్ఈ పక్కనే పెట్టి, జెడ్‌లిబ్‌వెర్షన్ ఫంక్షన్ ఇచ్చే విలువను ప్రోగ్రామ్ మొదట్లోనే ప్రింట్ చేయించండి. మీరు బిల్డ్ చేసిన వెర్షన్ నంబరే అక్కడ రావాలి.