వ్యాపారం పెట్టే ముందు ఎవరిని చూసి నేర్చుకోవాలి?

సలహా కోసం వచ్చే కుర్రాళ్లను నేను మొదట అడిగేది ఒకటే: "ఎవరిని చూసి ఈ ఆలోచన వచ్చింది?" చాలామంది స్టీవ్ జాబ్స్ అంటారు. మెచ్చుకోండి, తప్పులేదు. కానీ ఆదర్శంగా మీకంటే రెండు మూడేళ్లు ముందున్న మనిషిని ఎంచుకోండి. మనలాంటివాళ్లు నెగ్గడం చూస్తే "నేనూ చేయగలను" అనే నమ్మకం పెరుగుతుందని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే రాశాడు.

ఆ మనిషిని గెలుపు కథ అడగొద్దు. మొదటి కస్టమర్ ఎలా దొరికాడు, జీతాలకు డబ్బు లేని నెలలో ఏం చేశారు, ఇంట్లో ఏమన్నారు, ఇవి అడగండి. వీలైతే ఒక రోజంతా పక్కనే ఉండి ఫోన్లు, బిల్లులు, తిట్లు అన్నీ చూడండి.

వ్యాపారం మూసేసినవాళ్లను కూడా కలవండి. ఈ పని దాదాపు ఎవరూ చేయరు, నా లెక్కలో ఇదే ముఖ్యం. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ విద్యార్థులపై ఆర్థికవేత్తలు లెర్నర్, మాల్మెండియర్ చేసిన అధ్యయనంలో, వ్యాపార అనుభవమున్న తోటివాళ్లు ఎక్కువున్న సెక్షన్ల నుంచి చదువయ్యాక కంపెనీలు పెట్టినవాళ్లు తగ్గారు. ఆ తగ్గుదల ముఖ్యంగా విఫలమయ్యే కంపెనీల్లోనే కనిపించింది. కాబట్టి వ్యాపారం మూసేసినవాళ్లతో మాట్లాడాక మీ ఉత్సాహం కాస్త చల్లారితే టెన్షన్ పడకండి, ప్లాన్‌ను మళ్లీ చూసుకోండి.