అందరిదీ అర్జెంటే అయినప్పుడు: రిలీజ్ ప్లానింగ్‌లో సమస్యలు - పరిష్కారాలు

మా టీమ్ ఉండేది విజయవాడలో. మా సాఫ్ట్‌వేర్ వాడేది ఎక్కువగా గుంటూరు మిర్చి యార్డు కమీషన్ ఏజెంట్లు, కోల్డ్ స్టోరేజీల వాళ్లు. తర్వాతి రిలీజ్‌లో, అంటే కస్టమర్లకు ఇచ్చే కొత్త వెర్షన్‌లో, ఏం వెళ్లాలో తేల్చే పని నాది. ఉదాహరణలు ఇక్కడివే అయినా ఇవే చిక్కులు ఏ ఎజైల్ టీమ్‌లోనైనా (చిన్న చిన్న విడతలుగా పని చేసే టీమ్) కనిపిస్తాయి.

సమస్య: అడిగినవన్నీ ‘హై ప్రయారిటీ’

సేల్స్ వాళ్లకు డెమోలో చూపించడానికి కొత్త రిపోర్టు కావాలి. అకౌంట్స్ వాళ్లకు జీఎస్టీ లెక్క మారాలి. సపోర్ట్ వాళ్లకు రోజూ ఫోన్లు తెప్పిస్తున్న ప్రింటింగ్ తప్పు పోవాలి. బ్యాక్‌లాగ్ (చేయాల్సిన పనుల జాబితా) నిండా ఎర్ర గుర్తులే.

కారణం మనం అడిగే ప్రశ్నలోనే ఉంది. “ఇది ఎంత ముఖ్యం?” అంటే ఎవరైనా “చాలా ముఖ్యం” అనే చెబుతారు. “ఎప్పటిలోగా కావాలి? ఆ తేదీ దాటితే ఎవరికి ఏం పోతుంది?” అని అడగండి. జవాబులు వెంటనే వేరవుతాయి.

ముందుగా, మన చేతిలో లేని తేదీలను గోడ మీద రాసి పెట్టండి. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు) గడువు 11వ తేదీ, జీఎస్టీఆర్-3బీ (పన్ను చెల్లింపు లెక్క) గడువు 20వ తేదీ. ఆ రోజుల చుట్టుపక్కల బిల్లింగ్‌లో పెద్ద మార్పులు వదలకండి. కొత్త పంట యార్డుకు జోరుగా వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లో కస్టమర్‌కు కొత్త స్క్రీన్ నేర్చుకునే తీరిక ఉండదు. సీజన్‌కు కావాల్సింది డిసెంబరులోగా చేతికి ఇవ్వాలి. వేసవిలో యార్డుకు దాదాపు నెల రోజులు సెలవులిస్తారు కదా, పెద్ద మార్పులకు అంతకంటే మంచి సమయం లేదు.

గడువు లేనివాటికి చిన్న లెక్క చాలు. లేబుల్ ప్రింటింగ్ రెండు వారాల పని, అది లేకపోతే వారానికి 6 వేల నష్టం అనుకుందాం. కొత్త రిపోర్టు ఆరు వారాల పని, దాని నష్టం వారానికి 9 వేలు. రిపోర్టు నష్టమే పెద్దది కాబట్టి అదే ముందు అనిపిస్తుంది. కానీ రిపోర్టు ముందు చేస్తే లేబుల్ ఆరు వారాలు ఆగాలి, 36 వేలు పోతాయి. లేబుల్ ముందు చేస్తే రిపోర్టు ఆగేది రెండు వారాలే, పోయేది 18 వేలు. ఆలస్యం వల్ల వచ్చే నష్టాన్ని పని పరిమాణంతో భాగించే ఈ పద్ధతిని డబ్ల్యూఎస్‌జేఎఫ్ (వెయిటెడ్ షార్టెస్ట్ జాబ్ ఫస్ట్) అంటారు. అంకెలు ఉజ్జాయింపే అయినా ఫరవాలేదు. అందరి ముందు కూర్చుని వేసుకున్న లెక్క అయితే చాలు, గొంతు పెద్దదైన వాళ్ల పని ముందుకు జరిగిపోదు.

సమస్య: ఇద్దరు అడిగేవి ఒకదానికొకటి అడ్డం

నాకు అన్నిటికంటే ఎక్కువ ఓపిక అవసరమయ్యేది ఇక్కడే. ధర ఖాయమయ్యాక, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఇంకా కాటా మీదకు ఎక్కకముందే బిల్లు తెరవాలని కమీషన్ ఏజెంట్ అడుగుతాడు. బరువు తేలనిదే బిల్లు పుట్టకూడదని అకౌంట్స్ వాళ్లు పట్టుబడతారు. ఇద్దరి మాటా న్యాయమే.

వాళ్లు చెబుతున్నది అవసరం కాదు, తమకు తోచిన పరిష్కారం. అందుకే ముడి పడింది. ఏజెంట్‌కు కావాల్సింది లోడింగ్ ఆగకపోవడం. అకౌంట్స్ భయం ఇన్‌వాయిస్ నంబర్ల గురించి. అవి వరుస క్రమంలో ఉండాలని జీఎస్టీ నిబంధన, మధ్యలో రద్దయిన బిల్లులు పేరుకుంటే జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లే. ఇద్దరినీ ఒకే కాల్‌లో కూర్చోబెట్టి “ఇది లేకపోతే మీకు ఏ పని ఆగిపోతుంది?” అని అడిగితే దారి దొరుకుతుంది. ముందు వేరే నంబరుతో కాటా చీటీ, బరువు ఖాయమయ్యాకే ఇన్‌వాయిస్ నంబరు. ఇద్దరితో విడివిడిగా మాట్లాడి ఇద్దరికీ సరేననడం మాత్రం వద్దు. ఆ గొడవ రిలీజ్ రోజున బయటపడుతుంది.

సమస్య: స్ప్రింట్ మధ్యలో పని మారిపోతోంది

స్ప్రింట్ అంటే ముందే పనులు ఖాయం చేసుకున్న కొన్ని వారాల విడత. ఆ పనుల బోర్డు మీద లేని పని గురువారానికల్లా డెవలపర్ చేతిలో ఉంటుంది. “తమ్ముడూ, చిన్న మార్పే, అర గంట పని” అని ఎవరో నేరుగా ఫోన్ చేసి ఉంటారు. విన్నపాలు రావడానికి ఒకే దారి లేకపోవడమే కారణం. ప్రోడక్ట్ ఓనర్ (ఏ పని ముందో తేల్చేవారు) అంటే ఒక మనిషి, కమిటీ కాదు అని స్క్రమ్ అనే ఎజైల్ పద్ధతి నియమాలున్న 2020 స్క్రమ్ గైడ్ స్పష్టంగా చెబుతోంది. డెవలపర్లకు ఒకే జవాబు నేర్పండి: “అన్నా, ప్రోడక్ట్ ఓనర్‌తో ఒక్క మాట చెప్పండి, ఆయన పెడితే చేస్తాను.” దాంతో మొహమాటం భారం వాళ్ల మీద ఉండదు. ఇక యార్డులో కాటాలు నడిచే వేళ బిల్లు ప్రింట్ కాకపోతే అది నిజమైన అత్యవసరం, వెంటనే చేయాల్సిందే. ఏది లోపలికి వచ్చినా అంతే పని బయటికి వెళ్లాలి, ఆ వెళ్లిన పని ఎవరిదో వాళ్లకు అదే రోజు చెప్పాలి.

సమస్య: తేదీ ప్రతిసారీ జారుతోంది

ఉన్న సమయమంతా కొత్త పనులతోనే నింపేస్తున్నారేమో చూడండి. తప్పనిసరి పనులు మొత్తం శ్రమలో 60 శాతం దాటకూడదని మాస్కో (MoSCoW) పద్ధతిలో, అంటే పనులను తప్పనిసరి, అవసరం, ఉంటే మంచిది, ఈసారి వద్దు అని విడదీసే పద్ధతిలో, సలహా ఉంది. మిగతాది ఆగినా ఫరవాలేని పనులకు ఉంచితే, ఊహించని బగ్‌లు వచ్చినప్పుడు వాటిని పక్కన పెట్టి తేదీ కాపాడుకోవచ్చు. ఆలస్యమైందని చివర్లో మనుషుల్ని చేర్చకండి. ఇంకా ఆలస్యమవుతుందని సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశారు.

సమస్య: యజమాని మాటతో ప్లాన్ తలకిందులు

యజమానికి లిస్టు కనిపిస్తుంది గానీ, కొత్తది పెడితే ఏది ఆగుతుందో కనిపించదు. కాదని చెప్పొద్దు, ఎంపిక ఆయన ముందు పెట్టండి. “సార్, ఇది పెడదాం. దీనికి మూడు వారాలు పడుతుంది. లేబుల్ ప్రింటింగ్ ఆపమంటారా, రిపోర్టు ఆపమంటారా?” ఆయన ఏది ఎంచుకున్నా, ఆ నిర్ణయాన్ని అందరికీ తెలిసేలా రాసి పంపండి.

సమస్య: రిలీజ్ అయ్యాక అలకలు

తమ పని ఈసారి లేదని వాళ్లకు రిలీజ్ నోట్ చూసేదాకా తెలియదు. ప్లాన్ ఖాయమైన సాయంత్రమే ఫోన్ చేసి కారణమూ, మళ్లీ ఎప్పుడు పరిశీలిస్తారో చెప్పండి. వరుసగా కొన్ని రిలీజ్‌లుగా వెనక్కి పోతున్న పని ఉంటే, అడిగినవాళ్లతో ఒకసారి మాట్లాడి లిస్టులోంచి తీసేయండి.