బయోకెమిస్ట్రీ బట్టీ పడితే నిలవదు, తెల్లకాగితం మీద గీయండి

ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో అనాటమీ టెన్షన్‌లో పడి, బయోకెమిస్ట్రీ పరీక్షల ముందు చూసుకుందాంలే అని పక్కన పెట్టేవాళ్లే ఎక్కువ. దయచేసి అలా చేయకండి, ఎందుకంటే ఇది పది రోజుల్లో మింగేసే సబ్జెక్టు కాదు.

ముందుగా ఇంటర్ కెమిస్ట్రీలో మోల్ లెక్కలు, పీహెచ్, ఆక్సీకరణ–క్షయకరణం, ఫంక్షనల్ గ్రూపులు ఒకసారి తిరగేయండి. మొదలుపెట్టడానికి అవి చాలు. మోల్ లెక్క ఎందుకంటారా? ఫాస్టింగ్ షుగర్ డెసిలీటరుకు 90 మిల్లీగ్రాములు అంటే లీటరుకు 900, గ్లూకోజ్ అణుభారం 180తో భాగిస్తే 5 మిల్లీమోల్స్. ఎంజైముల పాఠంలో గాఢతల అంకెలు ఎక్కువగా మోల్స్‌లోనే వస్తాయి.

పీహెచ్ దగ్గర మాత్రం తొందరపడకండి. రక్తంలో బైకార్బనేట్ లీటరుకు 24 మిల్లీమోల్స్, కార్బన్ డయాక్సైడ్ పీడనం 40 మి.మీ. పాదరసం. ఆ 40ని 0.03తో (రక్తంలో ఆ వాయువు కరిగే గుణకం) గుణిస్తే 1.2, దానితో 24ని భాగిస్తే 20, 20కి లాగ్ 1.3, దానికి 6.1 (ఈ ఆమ్లం పీకేఏ విలువ) కలిపితే పీహెచ్ 7.4. ఇప్పుడు షుగర్ విపరీతంగా పెరిగి కీటోన్లు చేరిన పేషెంట్‌లో బైకార్బనేట్ 12కి పడిపోయిందనుకోండి, పీహెచ్ 7.1 అవుతుంది. కానీ ఆ మనిషి లోతుగా, వేగంగా ఊపిరి తీసి కార్బన్ డయాక్సైడ్‌ని 26కి దించుకుంటే 7.29 దగ్గర ఆగుతుంది. ఈ లెక్క చేత్తో వేసినవాళ్లకి, ఆ పేషెంట్ ఎందుకలా ఎగశ్వాస తీస్తున్నాడో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

గ్లైకోలిసిస్‌కి, అంటే కణంలో గ్లూకోజ్ మెట్టుమెట్టుగా విరిగే దారికి వచ్చేసరికి పుస్తకం మూసి తెల్లకాగితం తీయండి. మొదటి రోజు పదార్థాల పేర్లు మాత్రమే, రెండో రోజు ఎంజైములు, మూడో రోజు ఏటీపీ (కణం శక్తి కోసం వాడుకునే అణువు) ఎక్కడ ఖర్చయింది, ఎక్కడ వచ్చింది (రెండు పోతాయి, నాలుగు వస్తాయి). పది మెట్లలో వెనక్కి తిరగని మూడింటికి ఎర్ర ఇంకు వాడండి, నియంత్రణ అంతా వాటి దగ్గరే. ఎక్కడ ఆగిపోయారో అక్కడే పుస్తకం తెరవండి, అంతకుముందు వద్దు.

ఆ తర్వాత ల్యాబ్‌కి వెళ్లి షుగర్ టెస్టుకి వాడే బూడిదరంగు మూత ట్యూబు చూడండి. అందులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. రక్తం బయటికి తీసినా ఎర్రకణాలు గ్లూకోజ్‌ని తింటూనే ఉంటాయి, ఫ్లోరైడ్ తొమ్మిదో మెట్టులోని ఎనోలేజ్‌ని ఆపుతుంది. మీరు గీసిన బొమ్మలో ఆ బాణం పక్కనే ఈ ట్యూబు కూడా గీసుకోండి, ఇక ఎనోలేజ్ పేరు మర్చిపోలేరు.

క్రెబ్స్ సైకిల్, యూరియా సైకిల్‌కీ ఇదే పద్ధతి.

ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్ కొలిచే ప్రయోగం వస్తే కాస్త శ్రద్ధగా చేయండి. మాలిబ్డేట్ కలిపాక నీలం రంగు తేలే ఆ పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ప్రచురించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే, ఏటీపీని కనుక్కున్నవాళ్లలోనూ ఆయన ఒకరు. వైవాలో నీలం ఎందుకొచ్చిందని అడుగుతారు, ఫాస్ఫేట్ మాలిబ్డేట్‌తో కలిసి, ఆ కలిసింది క్షయకరణం చెందితే వచ్చే రంగు అది. ఇంటర్‌లో చదివిన క్షయకరణమే.